గొలుసుతో కుక్కపిల్లకు బుద్ధి రాదు

కుక్కపిల్ల మాట వినడం లేదని ఎవరు సలహాకు వచ్చినా నేను ముందు అడిగేది ఒకటే: రోజులో ఎంతసేపు కట్టేసి ఉంచుతున్నారు? జవాబు దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. "పగలంతా కట్టేస్తామక్కా, రాత్రికి విడిచిపెడతాం. లేకుంటే ఇల్లంతా నాశనం చేస్తా ఉండాది." ఇక్కడ తిరుపతిలో బైరాగిపట్టెడలోనైనా, కొర్లగుంటలోనైనా, అవతల చిత్తూరు గ్రీమ్స్‌పేటలోనైనా ఇదే మాట. కరుస్తోందని కట్టేశారు. కట్టేశాక మొరుగుడు ఎక్కువైంది. మొరుగుతోందని కర్ర తీశారు. కర్రను చూసి గుర్రుమంది. గుర్రుమన్నందుకు ఇంకో నాలుగు తగిలించారు. ఏడాది తిరక్కముందే "ఇది మనకు కుదిరేది కాదులే, ఎవురికన్నా ఇచ్చేద్దాం" అంటారు.

ఈ వరసలో కుక్కపిల్ల తప్పు ఎక్కడుందో నాకు ఎంత వెతికినా కనబడదు. మొదట అది చేసినవన్నీ ఆ వయసులో ఏ కుక్కయినా చేసేవే. కొన్ని నాలుగు నెలల్లో వాటంతటవే తగ్గిపోతాయి, మిగతావి ఓపికగా మార్చుకోవచ్చు. వాటిని ముదరబెట్టింది కట్టేయడమే. రోడ్డు మీద నడిపించేటప్పుడు, గేటు తీసినప్పుడు తాడు కావాలి, కాదనను. పెంపకానికి బదులుగా గొలుసు వాడటం మాత్రం మానాలి. ఈ విషయంలో ఎవరితోనైనా వాదించడానికి నేను సిద్ధం.

కరవడం సంగతి ముందు చూద్దాం, అందరి మొదటి ఫిర్యాదూ అదే కనక. పిల్ల నోట్లో 28 పాలపళ్లుంటాయి. నాలుగో నెల నుంచి అవి ఊడుతూ, ఏడో నెలకల్లా 42 గట్టి పళ్లు వస్తాయి. ఆ మధ్యకాలమంతా చిగుళ్లు సలుపుతూనే ఉంటాయి. నేల మీద జీరాడే చీర కుచ్చిళ్లు, లుంగీ అంచు, బడికి బయల్దేరిన పిల్లల బూటు లేసులు, కదిలేది ఏదైనా సరే దానికి వేటే. కుచ్చిళ్లు పట్టుకోగానే మనం "ఛీ, వదులు" అని అరుస్తూ వెనక్కి లాగుతాం. మనం తిడుతున్నామని దానికేం తెలుసు? లాగులాట మొదలైందని సంబరపడి ఇంకా గట్టిగా పడుతుంది.

లాగకుండా నిలబడిపోవాలి. కదలని గుడ్డ మీద పిల్లకు మోజు ఉండదు, వదిలేస్తుంది. వదిలిన ఆ క్షణంలోనే నమలడానికి తగింది ఏదైనా నోటికి అందించాలి. పాత తువ్వాలు తడిపి, ముడేసి, ఫ్రిజ్‌లో గడ్డకట్టించి ఇవ్వొచ్చు. చల్లటి క్యారెట్టు ఇచ్చినా సరే. మనం దగ్గర కూర్చుని ఉన్నప్పుడే సుమా, గుడ్డ పీలికలు మింగేసే పిల్లలూ ఉంటాయి. చర్మానికి పళ్లు తగిలితే మాత్రం ఆట అక్కడికక్కడ ఆగిపోవాలి. అరవక్కర్లేదు, మూతి మీద కొట్టక్కర్లేదు. లేచి పక్క గదిలోకి వెళ్లి తలుపేసుకోండి. అర నిమిషం చాలు. తిరిగొచ్చి మామూలుగా ఆడండి. పళ్లు తగిలితే తోడు పోతుందన్న లెక్క దానికి నిజానికి తోబుట్టువుల దగ్గరే మొదలవుతుంది. గట్టిగా కరిస్తే రెండో పిల్ల కుయ్యిమని ఆట మానేస్తుంది. అందుకే నెల పిల్లను తల్లి దగ్గర్నుంచి తెంపి అమ్మేవాళ్లను చూస్తే నాకు మండిపోతుంది. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నియమాలు స్పష్టంగా చెబుతున్నాయి. కొనేవాళ్లు "చిన్నప్పుడే తెచ్చుకుంటే బాగా అలవాటవుతుంది" అని అడగబట్టే అమ్మేవాళ్లు అమ్ముతున్నారు.

సాయంత్రం ఆరు దాటాక పిల్లకు పూనకం వచ్చినట్టవుతుందని చాలామంది చెబుతారు. గది ఈ చివర్నుంచి ఆ చివరికి పరుగులు, అడ్డొచ్చినవాళ్లను పీకడం. రెండు మూడు నెలల పిల్ల రోజుకు 18 గంటలకు తక్కువ కాకుండా నిద్రపోవాలి. టీవీ, వచ్చిపోయే జనం, ఎత్తుకుని తిప్పే పక్కింటి పిల్లలు, వీటన్నిటి మధ్య అది ఎక్కడ నిద్రపోతుంది? దానికి అప్పుడు కావాల్సింది నిద్ర. చీకటిగా ఉన్న ఓ మూల గోనెసంచో పాత దుప్పటో పరిచి, పిల్లల్ని అటు పోనీయకుండా చూడండి. సగం కరవడం దీనితోనే తగ్గిపోవడం నేను చాలా ఇళ్లలో చూశాను.

చెప్పులు కొరకడం గురించి ఎక్కువ చెప్పను. వాకిట్లో చెప్పులు వరసగా వదిలే అలవాటు మనది. వాటి నిండా మన చెమట వాసన. ఆర్నెల్లు వాటిని పిల్లకు అందని ఎత్తులో పెట్టుకోండి, అంతే.

ఇల్లు పాడు చేయడం కూడా అంతే. నిద్ర లేవగానే, తిన్న కాసేపటికి, ఆట ముగియగానే బయటికి తీసుకెళ్లాలి. అక్కడ పోసిన వెంటనే మెచ్చుకోవాలి. మూడు నెలల పిల్ల పగలు మూడు నాలుగు గంటలకు మించి ఆపుకోలేదు, అది దాని మొండితనం కాదు. పోసిన చోట మూతి రుద్దడం అనాగరికం, పైగా దండగ. మనుషులున్నప్పుడు పోయకూడదని మాత్రమే దానికి అర్థమవుతుంది. తర్వాత మంచం కింద దాక్కుని పోస్తుంది. ఫినాయిల్ మన ముక్కును మభ్యపెడుతుంది గానీ కుక్క ముక్కుకు పాత వాసన తెలుస్తూనే ఉంటుంది. సబ్బు పొడితో బాగా కడిగి ఆరబెట్టాలి.

ఇక గేటు దగ్గరి మొరుగుడు. పాలాయన వస్తాడు, కుక్క మొరుగుతుంది, పాలాయన పోతాడు. గ్యాస్ సిలిండరు అబ్బాయి వస్తాడు, మొరుగుతుంది, పోతాడు. వాళ్లు పని చూసుకుని పోయారని మనకు తెలుసు. తాను మొరిగి తరిమేశానన్నది కుక్క లెక్క. రోజుకు పదిసార్లు నెగ్గుతున్న పనిని ఎవరు మానుకుంటారు? గేటుకే కట్టేసిన కుక్కయితే మరీ ఘోరం. మెడకు గొలుసుంది, వెనక్కి పోయే దారి లేదు, ఎదురుగా కొత్త మనిషి. భయమేసినప్పుడు పారిపోయే వీలు లేని జంతువుకు ఎదురు తిరగడం ఒక్కటే మిగులుతుంది. "మా కుక్క కట్టేస్తే పులి, విడిస్తే పిల్లి" అని గొప్పగా చెప్పుకునేవాళ్లున్నారు. పులి కావడానికి కారణం ఆ కట్టే.

దీన్ని మార్చాలంటే గేటు కనిపించని చోట, ఇంటి లోపలివైపు దానికో చోటు అలవాటు చేయాలి. బెల్లు మోగగానే ఆ చోటుకు పిలిచి, వచ్చినందుకు ఒక ముక్క పెట్టాలి. మొదట్లో ఇంట్లోవాళ్లే ఒకరు బయటికెళ్లి బెల్లు కొట్టి సాధన చేయించాలి, నిజమైన మనిషి వచ్చినప్పుడు కొత్తగా నేర్పడం కుదరదు. మా ఇంట్లో ఇప్పుడున్నది వీధిలో పుట్టిన నాటు పిల్ల, పేరు మల్లి. బెల్లు వినగానే రెండు మొరుగులు మొరిగి, వంటింటి గడప దగ్గరున్న గోనెపట్ట మీదికి పరిగెత్తి, తల ఎత్తి మా మొహాలు చూస్తుంది. ఆ రెండు మొరుగులు నాకు కావాలి, ఇంటికి ఎవరొచ్చారో చెప్పడం కుక్క పని. ఆగమన్నప్పుడు ఆగడమే మనం నేర్పాల్సింది.

ముక్క అన్నాను కదా, ఏ ముక్క అన్నది కూడా చెప్పాలి. ఉడికించిన కోడిమాంసం చిటికెడంత, వేయించిన శనగలు నాలుగు, కాస్త ఉడికిన చిలగడదుంప, ఇంత చాలు. మన ఊళ్లో ఎవరింటికి పోయినా స్వామివారి లడ్డు ఉంటుంది, ప్రేమ కొద్దీ కుక్క నోట్లోనూ ఇంత పెడతారు. అందులో కిస్మిస్ ఉంటుంది. ద్రాక్ష, కిస్మిస్ కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, కొన్ని కుక్కలకు కొద్దిపాటి తిన్నా ప్రాణం మీదికొస్తుంది. ప్రసాదం మనుషులు తింటే చాలు. అలాగే మామిడికాయల కాలంలో టెంకలు. చీకుతూ చీకుతూ మింగేస్తే పేగులో అడ్డం పడి ఆపరేషన్ దాకా పోతుంది. చిత్తూరు వైపు తోటల దగ్గరున్న ఇళ్లవాళ్లు దీన్ని ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి.

మీద ఎగబడటం గురించి వాదన ఇంట్లోవాళ్ల మధ్యే జరగాలి, కుక్కతో కాదు. తినేచోట అడుక్కోవడమూ అలాంటిదే. నాకు బాగా తెలిసిన ఇల్లొకటుంది. రాత్రి దోసెలు పోస్తుంటే లాబ్రడార్ పిల్ల వచ్చి పీటల పక్కన నిలబడి మూలుగుతుంది. కోడలు "ఎవరూ పెట్టొద్దు" అంటుంది. కొడుకు సెల్‌ఫోన్‌లోంచి తలెత్తడు. అవ్వ మాత్రం దోసె అంచు విరిచి, చెయ్యి మోకాలి పక్కగా కిందికి దించుతుంది. కోడలు ఇటు తిరిగేలోపు చెయ్యి మళ్లీ పళ్లెంలో ఉంటుంది. "పాపం, నోరు లేని జీవి, ఎంతసేపని చూస్తాదమ్మా" అంటుంది అవ్వ, ఎవరూ అడక్కుండానే. ఆ రాత్రి కోడలు పదిసార్లు పొమ్మంది, అవ్వ ఒక్కసారి పెట్టింది. గెలిచింది ఆ ఒక్కసారే. ఎప్పుడూ దొరికే తిండి కంటే ఎప్పుడో ఒకప్పుడు దొరికే తిండి కోసమే జంతువు ఎక్కువ కాలం పట్టుబడుతుందని గత శతాబ్దంలో స్కిన్నర్ అనే అమెరికా శాస్త్రవేత్త పావురాల మీదా ఎలుకల మీదా ప్రయోగాలు చేసి చూపించాడు. ఆ అవ్వతో తగువు పెట్టుకోవాలని నేననను. ఆమె చేతికే ఓ గిన్నె ఇచ్చి, అందరూ తిన్నాక దాని చోట దానికి పెట్టే పని ఆమెకే అప్పగించమన్నాను. ప్రేమ అలాగే ఉంటుంది, పీటల దగ్గర మూలుగుడు పోతుంది.

ఎగబడే పిల్ల విషయంలోనూ అంతే. నాలుగు కాళ్లూ నేల మీదున్నప్పుడే పలకరింపు, కాళ్లు లేచాయా మొహం తిప్పేసుకోవడం. బడి నుంచి వచ్చిన పిల్లలు, ఆఫీసు నుంచి వచ్చిన ఆయన, ఊరి నుంచి వచ్చిన మామ, అందరూ ఇదే పాటించాలి. ఒక హెచ్చరిక చెప్పాలి. పలకరింపు ఆపిన మొదటి రోజుల్లో అది ఇంకా ఎక్కువ ఎగురుతుంది, ఇంకా గట్టిగా మూలుగుతుంది. ఇన్నాళ్లూ పనిచేసింది ఇప్పుడెందుకు పనిచేయట్లేదని గట్టిగా ప్రయత్నిస్తుందన్నమాట. సరిగ్గా అక్కడే మనవాళ్లు "ఈ పద్ధతి పనికిరాదు" అని కర్ర తీస్తారు. ఇంకొన్నాళ్లు ఓపిక పడితే ఆ ఉధృతి దానంతటదే పడిపోతుంది.

కర్ర గురించి ఇప్పుడు సూటిగా చెబుతాను. "దండం దశగుణం" అనేవాళ్లు, "మొక్కై వంగనిది మానై వంగునా" అనేవాళ్లు, ఈమధ్య ఫోన్లో వీడియోలు చూసి "మనమే లీడరని దానికి తెలియజెయ్యాల" అనేవాళ్లు, అందరికీ నా సమాధానం ఒకటే. ఆ లీడరు సిద్ధాంతం పుట్టింది 1947లో రుడాల్ఫ్ షెంకెల్ రాసిన పరిశీలనల నుంచి. ఆయన చూసినవి జంతుప్రదర్శనశాలలో కంచె వేసి ఉంచిన తోడేళ్లు. డేవిడ్ మీచ్ అనే తోడేళ్ల శాస్త్రవేత్త 1970లో అదే మాటను ప్రచారంలోకి తెచ్చాడు. తర్వాత అడవిలో స్వేచ్ఛగా తిరిగే గుంపులను ఏళ్ల తరబడి చూసి, అవి తల్లి, తండ్రి, వాళ్ల పిల్లలతో కూడిన కుటుంబాలేనని, పెత్తనం కోసం కొట్లాడుకునే గుంపులు కావని 1999లో తనే రాశాడు. చెప్పినవాడే దిద్దుకున్న మాటను పట్టుకుని మనం మూడు నెలల పిల్లను వెల్లకిలా పడేసి గొంతు పట్టుకుంటున్నాం.

అన్నిటికంటే ప్రమాదకరమైనది గుర్రుమన్నందుకు కొట్టడం. ఇది మాత్రం ఎవరూ చేయొద్దు, బతిమాలి చెబుతున్నాను. గుర్రుమనడం తప్పు కాదు, హెచ్చరిక. కుక్క దగ్గర అంతకుముందే చిన్న చిన్న సంకేతాలుంటాయి: మొహం పక్కకు తిప్పుకోవడం, పెదాలు నాక్కోవడం, నిద్ర రాకపోయినా ఆవలించడం, ఒళ్లు బిగబట్టి కొయ్యబారిపోవడం, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడటం. ఇవేవీ మనం పట్టించుకోకపోతే గుర్రుమంటుంది. అప్పుడు కొట్టామనుకోండి, దాని భయం పోదు, గుర్రుమనడమే పోతుంది. ఆ తర్వాత ఒకరోజు పసిబిడ్డ గిన్నె దగ్గరికి పోతే ఏ చప్పుడూ లేకుండా నేరుగా కరుస్తుంది. "ఉన్నట్టుండి కరిచింది" అని జనం చెప్పే చాలా సంగతుల వెనక ఇలా నోరు నొక్కేసిన కుక్కే ఉంటుంది.

గిన్నె దగ్గర గుర్రుమనే పిల్ల గిన్నెను లాక్కుని "నాదే పైచేయి" అని నిరూపించుకోకండి. అది తింటుండగా నాలుగడుగుల దూరంలోంచే నడిచి పోతూ దాని తిండి కంటే రుచైన ముక్కొకటి గిన్నె వైపు విసిరి వెళ్లిపోండి. రోజులు గడిచేకొద్దీ మనిషి దగ్గరికొస్తే పోయేదేమీ లేదని, వచ్చేదే ఉందని దానికి నమ్మకం కుదురుతుంది. పిల్లల చేత మాత్రం ఈ పని చేయించొద్దు.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం వచ్చింది 1960లో. దాని 11వ సెక్షన్ ప్రకారం మరీ పొట్టి, మరీ బరువైన గొలుసుతో జంతువును చాలాసేపు కట్టేయడం నేరం. ఎప్పుడూ కట్టేసో బంధించో ఉంచే కుక్కకు తగినంత వ్యాయామం ఇవ్వకపోవడం కూడా యజమాని నేరమేనని అదే సెక్షన్ చెబుతుంది. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం మిద్దె మీద రేకుల కింద కట్టేసిన కుక్కలను నేను మా వీధిలోంచే చూడగలను. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పి చల్లబడాల్సిందే. ఎండాకాలంలో నడక తెల్లవారుజామున, లేదా రాత్రి రోడ్డు చల్లారాకే. అరచేతి వెనుక భాగం రోడ్డుకు ఆనించి ఐదారు సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలూ తట్టుకోలేవు.

భయం విషయంలో మన ఊరికి ప్రత్యేకమైన మాట ఒకటుంది. మేలో గంగమ్మ జాతర వస్తుంది. పలకల మోత, సున్నం బొట్లు పూసుకున్న ఒళ్లు, బైరాగి వేషాలు, దొర వేషాలు, మాతంగి వేషాలు. ఎప్పుడూ మిద్దె మీదే కట్టేసి పెంచిన కుక్క అదంతా మొదటిసారి చూస్తే హడలిపోక ఏం చేస్తుంది? మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగో వారం దాకా పిల్ల మెదడు కొత్తవాటిని సులువుగా ఒప్పుకుంటుంది. ఆ తర్వాత కొత్తదంటే అనుమానం మొదలవుతుంది. టీకాలు పూర్తి కాని ఆ వయసులో నేల మీద దించితే పార్వో అనే ప్రాణాంతక అంటువ్యాధి భయం ఉంది, నిజమే. చేతుల్లో ఎత్తుకుని తిప్పండి. లీలామహల్ సెంటరు దగ్గర కాసేపు నిలబడి బస్సుల హారన్లు విననీయండి, టోపీ పెట్టుకున్న మనిషిని, గొడుగు పట్టుకున్న మనిషిని, కర్ర ఊతంతో నడిచే ముసలాయన్ను దూరం నుంచి చూడనీయండి. చూసినప్పుడల్లా నోట్లో ఓ ముక్క. అది వెనక్కి ముడుచుకుంటే మీరూ వెనక్కి రండి, బలవంతంగా దగ్గరికి తీసుకెళ్తే భయం గట్టిపడుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా, పదహారు వారాల దాకా మూడు నాలుగు వారాలకోసారి, మూడు నెలలకు రేబిస్ టీకా. జూలై 6న ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. 1955 నుంచీ వెటర్నరీ కాలేజీ ఉన్న ఊరు మనది, టీకా ఎక్కడ దొరుకుతుందో తెలియదని చెప్పే వీలు తిరుపతివాళ్లకు లేదు.

ఇవన్నీ చేసినా ఆరేడు నెలలప్పుడు అది ఉన్నట్టుండి పేరు పిలిచినా పలకదు. నేర్చుకున్నదంతా మరిచిపోయినట్టు ఉంటుంది. అది దాని ఎదిగే వయసు. న్యూకాజిల్ యూనివర్సిటీ వాళ్లు 2020లో ప్రచురించిన అధ్యయనంలో, ఎనిమిది నెలల కుక్కలు ఐదు నెలలప్పటి కంటే తమను పెంచే మనిషి మాటే తక్కువ విన్నాయి, కొత్తవాళ్ల మాట మాత్రం విన్నాయి. ఏడాది వయసుకు మళ్లీ దారికొచ్చాయి. కుక్కలను వదిలించుకునే ఆలోచన మన ఇళ్లలో పుట్టేది సరిగ్గా ఈ నెలల్లోనే. ఇంకొన్నాళ్లు ఆగితే సర్దుకునే కుక్కను కరకంబాడి రోడ్డు మీదో అలిపిరి వైపో దించేసి వస్తారు. ఇంట్లో పెరిగిన కుక్కకు వీధి కుక్కల గుంపులో చోటు దొరకదు. శేషాచలం అంచున ఉన్న ఊరిది, చిరుతకు కుక్క సులువుగా దొరికే తిండి.

అదే వయసులో సాధుగా ఉన్న పిల్ల ఒక్కసారిగా ముట్టుకోనివ్వకపోతే మాత్రం అది వయసు గొడవ అని తోసేయొద్దు. చెవులు మడిచి చూడండి, వేళ్ల సందులు చూడండి, గోమార్లు ఉన్నాయేమో. జ్వరం, చెవిపోటు, తుంటి నొప్పి, ఏదైనా సరే కుక్క కరిచే చెప్పుకోగలదు. అలాంటప్పుడు ముందు డాక్టరు దగ్గరికి, శిక్షణ తర్వాత. ఎవరినైనా కరిచి రక్తం కళ్లజూస్తే, టీకాలు వేసిన కుక్కే అయినా, గాయాన్ని పంపు నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పసుపు, సున్నం, కారం పూయకండి. తిరిగొచ్చాక ఆ కుక్కను గొలుసుకు కట్టి వదిలేయకుండా, అది కరవకముందు నిమిషంలో ఎవరు ఏం చేశారో ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి.